గ్రేట్ డేన్‌ను దత్తత తీసుకున్న ఏడాది తరువాత: నా సమీక్ష

నమస్కారం. నా కుర్చీ వెనుక నిలబడి, నా భుజం మీదుగా కెమెరాలోకి చూస్తున్న ఈ ఆడకుక్క పేరు గౌరి. గ్రేట్ డేన్ జాతిది. మా ఇంటికి వచ్చి గత నెలకు ఏడాది పూర్తయింది. ఈ ఛానెల్‌లో నేను సాధారణంగా కుక్కల తిండి, పట్టీలు, పడకల వంటి వస్తువులను సమీక్షిస్తుంటాను. ప్రాణమున్న జీవికి మార్కులు వేసే అలవాటు నాకు లేదు కనుక, ఇంత పెద్ద కుక్కను దత్తత తీసుకోవాలని మేము చేసిన నిర్ణయానికే ఈరోజు మార్కులు వేస్తాను.

గౌరిని పిల్లలు పెట్టించి అమ్ముకునేందుకే ఎవరో పెంచారు. నాలుగైదు ఈతల తరువాత ఇక లాభం లేదనుకుని వదిలేస్తే, కుక్కలను కాపాడి ఇళ్లకు చేర్చే కార్యకర్తలు తీసుకువచ్చారు. మాకు అప్పగించిన రోజున దాని బరువు 34 కిలోలు. భుజం దగ్గర 74 సెంటీమీటర్ల ఎత్తున్న కుక్కకు అది ఎంత తక్కువో చెప్పాలంటే, ఇప్పుడు ఒంటికి కొవ్వు పట్టకుండానే 49 కిలోలు తూగుతున్నది. సిమెంటు నేల మీద పడుకుని పడుకుని మోచేతులకు కాయలు కాశాయి. చెవుల లోపల పిడుదులు గుత్తులుగా పట్టి ఉన్నాయి. రక్తపరీక్షలో పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం బయటపడగా, 28 రోజులు డాక్సీసైక్లిన్ మాత్రలు వేశాము. మన ప్రాంతంలో ఎక్కడి నుంచి కుక్కను తెచ్చుకున్నా, చూడటానికి ఎంత హుషారుగా ఉన్నా, మొదటి వారంలోనే ఈ పరీక్ష చేయించమని నా సలహా.

ఇక అందరూ అడిగే ప్రశ్న, ఇది కరుస్తుందా అని. పేరులో డెన్మార్క్ వినిపించినా, ఈ జాతిని తీర్చిదిద్దినది జర్మనీలో. అడవిపందులను పట్టి నిలబెట్టేందుకు పెంచిన కుక్కల వారసత్వం దీనిది. ఆ పని పోయి ఇళ్ల కాపలాకు, ఇంట్లో తోడుకు మారిన తరువాత, పెంపకందారులు తరతరాలుగా సాధు స్వభావమున్న వాటినే ఎంచుకుంటూ వచ్చారు. మనిషి పక్కన నిలబడి తన బరువంతా మన తొడ మీద మోపడం ఈ కుక్కల ప్రత్యేక అలవాటు. గౌరిని మొదటిసారి చూసినప్పుడు "ఇది కుక్కా, దూడా?" అంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయిన మా అత్తయ్యగారు, ఇప్పుడు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు దాని వీపు మీద చేయి వేసుకునే పడుకుంటున్నారు.

అయితే ఆ సాధుత్వం మాకు మొదటి రోజునే కనిపించలేదు. మొదటి మూడు వారాలు గౌరి వంటగది పక్కన మూలను వదిలి రాలేదు. ఎవరైనా చీపురు చేతికి తీసుకుంటే వణికిపోయేది. ఒకసారి మా అబ్బాయి నిద్రలో ఉన్న దాని మెడ చుట్టూ చేతులు వేయబోతే గుర్రుమన్నది. మేము దానిని కోప్పడలేదు. పిల్లవాడినే పక్కకు పిలిచి, పడుకున్న కుక్క దగ్గరకు వెళ్లకూడదని చెప్పాము. గుర్రుమన్నందుకు దండిస్తే, మరోసారి ఆ హెచ్చరిక కూడా లేకుండా కరిచే ప్రమాదం ఉంది. కొత్తగా వచ్చిన కుక్కకు ఇంటి తీరు అర్థం కావడానికి మూడు నెలలైనా పడుతుందని కార్యకర్తలు ముందే చెప్పారు. మా విషయంలో నాలుగో నెలలో గాని అది తోక ఊపలేదు. ఊపడం మొదలుపెట్టిన రోజున బల్ల మీది స్టీలు గ్లాసులు రెండు కింద పడ్డాయి.

నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే. దీని స్వభావం వల్ల మాకు కష్టం కలగలేదు. మా కష్టాలన్నీ దీని శరీరం వల్ల వచ్చినవే. నున్నటి టైల్స్ మీద పెద్ద కుక్క కాళ్లు జారితే కీళ్లు దెబ్బతింటాయి కనుక, హాలు నుంచి పెరటి దాకా పాత జంపఖానాలు పరిచాము. పడకకు మామూలు పరుపు నెల రోజులకే అణగారిపోగా, మా అమ్మ కుట్టిన బొంతలు నాలుగు ఒకదాని మీద ఒకటి వేస్తే మోచేతి కాయలు మెత్తబడ్డాయి. డబ్బు పెట్టి కొన్న పడకల కంటే ఆ బొంతలకే నా ఓటు. తిండికి, మందులకు కలిపి మాకు నెలకు 12,000 రూపాయలకు తక్కువ కావడం లేదు. పిడుదుల మాత్ర దగ్గర నుంచి మత్తుమందు దాకా ప్రతి మోతాదూ బరువును బట్టే ఉంటుంది కాబట్టి, చిన్న కుక్కను పెంచిన అనుభవంతో లెక్క వేసుకుంటే తప్పుతుంది.

అన్నింటికంటే ముందు తెలుసుకోవలసినది బ్లోట్ అనే అత్యవసర స్థితి. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులలో పొట్ట గాలితో ఉబ్బి, ఒక్కోసారి మెలితిరుగుతుంది. అప్పుడు రక్తప్రసరణ ఆగిపోయి, కొన్ని గంటలలోనే ప్రాణం పోతుంది. ఈ ముప్పు అన్నింటికంటే ఎక్కువగా ఉన్న జాతులలో గ్రేట్ డేన్ ఒకటి. కుక్క వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ బయటకు రాకపోవడం, చొంగ కార్చడం, నిలకడ లేకుండా తిరగడం, పొట్ట బిగుసుకుపోవడం కనిపిస్తే తెల్లవారే దాకా చూద్దామనుకోకూడదు. మేము తిండిని రెండు మూడు పూటలకు పంచి పెడతాము. తిన్న వెంటనే పరుగెత్తనివ్వము. గిన్నెను ఎత్తు మీద పెట్టాలని పాత సలహా ఒకటి ఉంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారి పరిశోధన అలా పెట్టిన కుక్కలలోనే ముప్పు ఎక్కువగా కనిపించిందని చెప్పడంతో మేము గిన్నెను నేల మీదనే ఉంచుతున్నాము. గౌరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినప్పుడే, పొట్టను శరీరం లోపలి గోడకు కుట్టే గాస్ట్రోపెక్సీ కూడా చేయించాము. పొట్ట ఉబ్బడం దానితో ఆగదు గాని, మెలితిరిగే అవకాశం బాగా తగ్గుతుంది.

మీరు దత్తత పత్రం మీద సంతకం చేసే ముందు, అర్ధరాత్రి బ్లోట్‌కు ఆపరేషన్ చేయగల ఆసుపత్రి మీ ఇంటికి ఎంత దూరంలో ఉందో ఒకసారి బండి మీద వెళ్లి చూడండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి పశువైద్య కళాశాలలున్న చోట్ల పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి, కాని రాత్రి వేళ ఎవరుంటారో ముందే అడిగి తెలుసుకోవాలి. కుక్క కదలలేని స్థితిలో ఉంటే 49 కిలోలను కారు దాకా ఎవరు మోస్తారన్నది కూడా తేల్చుకోవాలి. మేము మందపాటి దుప్పటిలో దానిని పడుకోబెట్టి, నలుగురం నాలుగు చెంగులు పట్టుకుని మోసే పద్ధతిని ముందుగానే అభ్యాసం చేశాము. పక్కింటి పిన్నిగారు నవ్వారు గాని, తరువాత నాలుగో చెంగు ఆవిడే పట్టారు.

అపార్ట్‌మెంటు వారికి ఒక మాట. పెంపుడు కుక్కలను నివాస సంఘాలు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ లిఫ్టులో గ్రేట్ డేన్‌తో పాటు మరో ఇద్దరు పట్టడమే కష్టం. లిఫ్టు చెడిపోయిన రోజున మూడో అంతస్తు మెట్లు దాని కీళ్లకు శిక్ష. ఇంటి ముందు కొంత స్థలమున్న కింది వాటా మాకు దొరకకపోతే గౌరిని తెచ్చుకునే వాళ్లం కాము.

ఇక వయసు. ఈ జాతి సాధారణంగా 7 నుంచి 10 ఏళ్లు బతుకుతుంది. పళ్లను చూసి డాక్టరుగారు గౌరికి ఐదేళ్లు నిండి ఉంటాయని అంచనా వేశారు. గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు ఈ జాతిలో తరచుగా వస్తుంది కనుక ఏటా గుండె స్కానింగ్ చేయిస్తున్నాము. ఈ లెక్క తెలిసే తెచ్చుకున్నామని మా అబ్బాయికి కూడా చెప్పాము. వాడు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున, ఇప్పటి నుంచి సాయంత్రపు నడకకు తానే తీసుకువెళ్తానన్నాడు. బరువు రీత్యా పట్టీ నా చేతిలోనే ఉంటుంది. వాడు పక్కన నడుస్తాడు.

మార్కుల సంగతి. సాధు స్వభావానికి పదికి పది. ఖర్చుకు, చోటుకు కలిపి నాలుగు. పగలంతా తలుపు వేసి ఉండే ఇంటికి, ఏడాదికోసారి అద్దె ఇల్లు మారే కుటుంబానికి నేను దీనిని సిఫారసు చేయను. మీ ఇల్లు చూడకుండా, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పెద్ద కుక్కను అప్పగించే వారి దగ్గర తీసుకోకండి. మాకు గౌరిని ఇచ్చిన కార్యకర్తలు రెండుసార్లు ఇంటికి వచ్చి చూశారు, గేటు ఎత్తు కొలిచారు. అప్పుడు నాకు కాస్త విసుగు కలిగిన మాట నిజమే. ఆ గేటును అడుగున్నర ఎత్తు పెంచిన తరువాతనే గౌరి ఈ ఇంట అడుగుపెట్టింది.