మూలకణ మార్పిడి – పేగుల్లోని బ్యాక్టీరియా

శ్రోతలకు నమస్కారం. రక్త క్యాన్సర్ రోగికో, తలసీమియా ఉన్న బిడ్డకో మూలకణ మార్పిడి (రక్తాన్ని తయారుచేసే కణాలను దాత నుంచి తీసి రోగికి ఎక్కించడం) చేయాలంటే ఇంటిల్లిపాదీ మొదట అడిగేది 'దాత దొరుకుతారా?' అనే. అడగవలసిన ప్రశ్నే. దానితో పాటు రోగి పేగుల్లోని బ్యాక్టీరియా గురించీ ఆలోచించాలని నా మనవి.

మార్పిడికి ముందు బలమైన మందులతో రోగి ఎముకల్లోని, రక్తం తయారయ్యే పాత మజ్జను ఖాళీ చేస్తారు. ఆ దెబ్బకు పేగు లోపలి పొర కూడా పుండవుతుంది. రోగాలతో పోరాడే తెల్లకణాలు ఉండవు కనుక జ్వరం రాగానే యాంటీబయాటిక్స్ ఇవ్వక తప్పదు. వాటికి మంచి బ్యాక్టీరియా, చెడు బ్యాక్టీరియా అన్న తేడా లేదు. వందల రకాలు బతికే చోట చివరికి ఎంటెరోకాకస్ వంటి ఒక్క జాతే మిగిలి పెరిగిపోవచ్చు. బెజవాడ కాలువల్లో గుర్రపుడెక్క కమ్ముకోవడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

అమెరికా, జర్మనీ, జపాన్‌లలోని నాలుగు కేంద్రాల్లో మార్పిడి చేయించుకున్న 1,362 మంది రోగుల నుంచి 8,767 మల నమూనాలు సేకరించి పరీక్షించారు. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. న్యూయార్క్ రోగుల్లో, బ్యాక్టీరియా రకాలు ఎక్కువగా ఉన్న 354 మందిలో 104 మంది చనిపోయారు. తక్కువగా ఉన్న 350 మందిలో 136 మంది. బాగా నీరసించినవారికే ఎక్కువ మందులు పడి ఉండవచ్చు కనుక, బ్యాక్టీరియాయే కారణమని దీనితో తేల్చలేం. అయినా ఈ తేడా చిన్నది కాదు.

మేలు చేసే బ్యాక్టీరియా మనం తిన్న పీచు నుంచి బ్యుటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. పేగు పొర కణాలకు అదే ఆహారం. ఆ పొర దెబ్బతింటే, దాత కణాలు రోగి శరీరాన్నే పరాయిదనుకుని చేసే దాడి తీవ్రమవుతుంది. వైద్యులు జీవీహెచ్‌డీ అనేది దీన్నే. 2018లో న్యూయార్క్ వైద్యులు రోగి మలాన్ని మార్పిడికి ముందే భద్రపరిచి, తరువాత పేగుల్లోకి తిరిగి పంపితే, పోయిన రకాలు చాలావరకు మళ్లీ కనిపించాయి.

ఇది విని ఎవరూ పెరుగు గిన్నె పట్టుకుని పరుగెత్తవద్దు. వార్డు బయట స్టీలు క్యారియర్‌లో పెరుగన్నంతో నిలబడ్డ ఒక తల్లిని చూశాను. నర్సు వద్దంటే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. కానీ తెల్లకణాలు లేని రోజుల్లో, మామూలుగా మేలు చేసే బ్యాక్టీరియా కూడా రక్తంలో చేరితే ప్రమాదం. మేలు చేసే బ్యాక్టీరియా నింపిన ప్రోబయోటిక్ గుళికలదీ అదే సంగతి. వైద్యులను అడగకుండా ఏదీ పెట్టకండి.

మార్పిడికి హైదరాబాదో వెల్లూరో బయలుదేరే ముందు మాత్రం మన చేతిలో ఒక పని ఉంది. జలుబుకూ ఒళ్లునొప్పులకూ చీటీ లేకుండా మందుల దుకాణంలో యాంటీబయాటిక్స్ కొని మింగడం మానేయాలి. ఇదివరకు వాడినవి ఏమిటో, ఎన్ని రోజులు వాడారో రాసి, పాత చీటీలతో సహా మార్పిడి వైద్యుల చేతికివ్వండి.