తీరైనది కాస్మోస్

శ్రోతలకు నమస్కారం.

వాకిట్లో ముగ్గు తీరుస్తాం. రేషన్ షాపు ముందు జనం బారులు తీరతారు. పిల్ల ముఖం కళగా ఉంటే తీరైన ముఖం అంటాం. వరసకూ అందానికీ మనకు మాట ఒక్కటే. గ్రీకువాళ్ళ ‘కోస్మోస్’ కూడా సరిగ్గా అలాంటిదే. ఇంగ్లీషు మీదుగా మన దగ్గరికొచ్చేసరికి అది కాస్మోస్ అయింది.

విశ్వం అనే అర్థం దానికి తర్వాత వచ్చింది. హోమర్ ఇలియడ్ రెండో సర్గలో మెనెస్థియస్ అనే ఏథెన్స్ నాయకుడున్నాడు. గుర్రాలనూ డాళ్ళు పట్టిన యోధులనూ బారులు తీర్చడంలో అతనికి సాటి లేరంటాడు కవి. అక్కడి క్రియ ‘కోస్మెయో’, అంటే తీర్చడం. అదే సర్గలో సభలో అడ్డదిడ్డంగా వాగే థెర్సిటీస్ మాటలు ‘కోస్మోస్ ప్రకారం లేవు’. ఇక పద్నాలుగో సర్గలో హేరా దేవి నూనె రాసుకుని, జడలల్లుకుని, నూరు కుచ్చుల వడ్డాణం, మూడేసి పూసల లోలాకులు పెట్టుకుంటుంది. ఆ సింగారమంతా కలిపి కోస్మోసే! కాస్మెటిక్స్ అనే మాట పుట్టిందీ ఈ ఇంట్లోనే.

ఈ మాటను ఆకాశానికి ఎక్కించింది ఎవరు? పైథాగరస్ అని తర్వాతివాళ్ళు రాశారు. ఆయన చేతిరాత ఒక్క ముక్కా మిగల్లేదు కనుక దాన్ని వినికిడిగానే తీసుకోవాలి. గట్టిగా చెప్పగలిగింది హెరాక్లిటస్ గురించి. క్రీస్తుపూర్వం 500 ప్రాంతపు గ్రీకు తత్త్వవేత్త, ఎఫెసస్ నగరం మనిషి. ఈ కోస్మోస్‌ను దేవుడూ మనిషీ ఎవరూ చేయలేదు, ఇది కొలత ప్రకారం రగిలి కొలత ప్రకారం ఆరే నిత్యాగ్ని అన్నాడాయన. ఆ ‘కొలత’ దగ్గర ఆగి చూడండి. ఎంత పెద్దదని కాదు, ఎంత పద్ధతిగా ఉందన్నదే ఆయన పట్టింపు.

లాటిన్‌వాళ్ళు దీనికి ‘ముండుస్’ అన్నారు. అదీ అలంకారమే, అదీ ప్రపంచమే. ఫ్రెంచి ‘మోంద్’, స్పానిష్ ‘ముందో’ దాని పిల్లలు.

అనువాదకులు పప్పులో కాలేసేది ఇక్కడే. కాస్మోస్ కనబడగానే అంతరిక్షం అని రాసేస్తారు. ఆ వాడుక ముఖ్యంగా రష్యన్‌ది, కాస్మోనాట్ అక్కడిదే. పాత గ్రీకు పాఠాల్లో అది అతకదు. తెలుగు బైబిలు చేసినవాళ్ళు మాత్రం పొరబడలేదు. యోహాను సువార్త 3:16లో ‘లోకము’ అన్నారు, మొదటి పేతురు పత్రిక 3:3లో జడలు, బంగారు నగల దగ్గర ‘అలంకారము’ అన్నారు. గ్రీకు మూలంలో రెండు చోట్లా ఉన్నది కోస్మోసే.

నర్సరీలో కాస్మోస్ మొక్క అడిగితే ఇచ్చే పువ్వు మెక్సికోది. 1791లో దానికాపేరు పెట్టింది కవానిల్లెస్ అనే స్పెయిన్ వృక్షశాస్త్రజ్ఞుడు. ఒంటి వరస పువ్వయితే మామూలుగా పసుపు బొడ్డు చుట్టూ రేకులు ఎనిమిది, కొసలు రంపంలా నొక్కులు. లెక్కపెట్టి చూడండి.