బతకలేక బడిపంతులా? దెబ్బతిన్న దవడ కట్టిన జాజ్ బడి

డేవిడ్ బేకర్ అనే ట్రాంబోన్ వాద్యకారుడి కింది దవడ సరిగ్గా ఉండి ఉంటే అమెరికాలో జాజ్ సంగీతపు చదువు ఈ రూపంలో ఉండేదే కాదు. (ట్రాంబోన్ అంటే నోటితో ఊదే వాద్యం.) నవ్వకండి. ఈ మాట ఈ వీడియోలో కనీసం నాలుగుసార్లు అంటాను. నాలుగోసారికి మీరే ఒప్పుకుంటారు.

నమస్కారం. పోయిన వీడియోలో జాజ్ కళాశాలల మాట ఎత్తగానే కామెంట్లలో ఏం జరిగిందో చూశారు కదా. అదే పాత పాట. జాజ్ క్లబ్బుల్లో పుట్టింది, కాలేజీలో చచ్చింది. జాజ్ విద్యా సంఘాలకు అధ్యక్షులైనవాళ్లంతా వేదిక మీద నిలబడలేక కుర్చీ ఎక్కినవాళ్లు. ఈ గొడవ మీకు కొత్త కాదు కనుక చరిత్ర విప్పుకుని కూర్చోను. కానీ ఒక పెద్దమనిషి మన సామెతనే తీసి బేకర్ మీద వేశారు: బతకలేక బడిపంతులు. అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఎవరిని అంటున్నారో తెలిసే అంటున్నారా?

బేకర్ 1931లో ఇండియానాపోలిస్‌లో పుట్టారు. నల్లజాతి పిల్లల కోసం విడిగా పెట్టిన క్రిస్పస్ అటక్స్ హైస్కూల్లో చదివారు. ట్రాంబోన్ దిగ్గజం జె.జె. జాన్సన్ చదివింది కూడా ఆ బడిలోనే. బేకర్ పట్టిన వాద్యమూ ట్రాంబోనే. 1959 వేసవిలో మసాచుసెట్స్‌లోని లెనాక్స్ జాజ్ స్కూలుకు వెళ్తే, అక్కడి విద్యార్థుల బృందంలో పక్కన ఎవరున్నారో తెలుసా? ఆర్నెట్ కోల్మన్, డాన్ చెర్రీ. జాజ్‌ను తలకిందులు చేసిన ఆ ఇద్దరి పక్కన కూర్చుని ఊదారు ఈ మనిషి. 1961లో జాజ్ రచయిత జార్జ్ రసెల్ బృందంలో, సాక్సొఫోన్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీతో కలిసి రికార్డింగ్ చేశారు. 1962లో డౌన్‌బీట్ అనే జాజ్ పత్రిక ట్రాంబోన్‌కు కొత్త తారగా ఈయన పేరు ప్రకటించింది.

బతకలేక బడిపంతులట!

ఇక దవడ దగ్గరికి వద్దాం. 1953లో కారు ప్రమాదం. దవడ జారింది, ఎవరూ సరిగ్గా గుర్తించలేదు. దాంతోనే ఏళ్ల తరబడి ఊదుతూ వచ్చారు. నేను ఇప్పుడు చెప్పిన లెనాక్స్, ఆ రసెల్ రికార్డింగ్, అన్నీ ఆ దవడతోనే.

ట్రాంబోన్ ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? ఫ్లూటుకు రంధ్రాలున్నాయి, సాక్సొఫోన్‌కు మీటలున్నాయి. ట్రాంబోన్‌కు ముందుకీ వెనక్కీ జరిగే ఒక గొట్టం ఉంది, అంతే. ఆ గొట్టానికి ఏడు స్థానాలు. వాటిమీద గీతలు ఉండవు, గుర్తులు ఉండవు. గొట్టం అదే స్థానంలో ఉంచి, పెదవులు కొద్దిగా బిగిస్తే ఒక స్వరం, ఇంకొంచెం బిగిస్తే దానిపై స్వరం. ఆ బిగింపు పెదవులదని అనుకుంటాం. పెదవులను నిలబెట్టేది దాని వెనక ఉన్న కండరాలు, వాటిని మోసేది దవడ. అంటే స్వరాన్ని సగం చెవి పట్టుకుంటే సగం దవడ పట్టుకుంటుంది. ఆ దవడ కండరాలు ఏడాదికేడాది చిక్కిపోతుంటే, ఆ మనిషి దేశంలోనే మంచి ట్రాంబోన్ వాద్యకారుల్లో ఒకడిగా పేరు తెచ్చుకున్నాడు. పేరు వచ్చిన కొద్ది కాలానికే వాద్యం చేజారింది.

తారగా ప్రకటించిన కాగితం ఒక చేతిలో. పనికిరాని వాద్యం ఇంకో చేతిలో. వయసు ముప్ఫై.

ఏం చేశారు? చెల్లో పట్టారు. ముప్ఫై దాటాక, నోటితో పని లేని వాద్యం కావాలని, తీగల వాద్యం మొదటి పాఠం నుంచి నేర్చుకున్నారు. ఆ తర్వాత జానోస్ స్టార్కర్ అంతటి చెల్లో విద్వాంసుడి కోసం సొనాటా అనే వాద్య రచన చేశారు. ఇలాంటి మనిషినే మనం చేతకానివాడని అంటున్నాం!

ఇక్కడ ఆయన ముఖాన మూసుకుపోయిన ఇంకొక తలుపు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అంతకు ముందే, 1950లలో, మిస్సోరీ రాష్ట్రంలోని లింకన్ యూనివర్సిటీలో బేకర్‌కు ఉద్యోగం ఉండేది. ఆయన తెల్లజాతి ఒపేరా గాయనిని పెళ్లి చేసుకున్నారు. ఆ రాష్ట్రంలో అప్పటికి అలాంటి పెళ్లి నేరం. ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. అలాంటి చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1967లో. మొదట పెళ్లి చేసుకున్నందుకు ఒక బడి పోయింది, తర్వాత దవడ వల్ల వేదిక పోయింది.

1966లో ఇండియానా యూనివర్సిటీలో చేరారు. అక్కడి జాజ్ విభాగాన్ని నిలబెట్టింది ఆయనే. వెదర్ రిపోర్ట్ బృందంలో డ్రమ్స్ వాయించిన పీటర్ ఎర్స్‌కిన్, ట్రంపెట్‌తో హాళ్లు నింపే క్రిస్ బాటీ, ఆ గదుల్లోంచి వచ్చినవాళ్లే. మరి ఆ గదిలో ఏం చెప్పేవారు? నా వాదనకు గుండెకాయ ఇది. మన సంగీతం కాస్త తెలిసినవాళ్లు జాగ్రత్తగా వినండి.

హరికాంభోజి రాగం తీసుకోండి. ఏడు స్వరాలు, అందులో నిషాదం కైశికి, అంటే కాస్త కిందుగా ఉండే నిషాదం. దీనికి సరిపోయే స్కేలు, అంటే స్వరాల వరుస, జాజ్‌లో నిత్యం వాడతారు. పై షడ్జం నుంచి కిందికి, తాళంలో అర దెబ్బకు ఒక స్వరం చొప్పున దిగండి. స, ని, ద, ప, మ, గ, రి. ఏడూ అయిపోయాయి. ఇప్పుడు మళ్లీ షడ్జం వేయండి. ఎక్కడ పడింది? దెబ్బ మీద పడలేదు, రెండు దెబ్బల మధ్య ఖాళీలో పడింది. నాలుగు దెబ్బల్లో ఎనిమిది చోట్లు ఉన్నాయి, మన దగ్గర స్వరాలు ఏడే ఉన్నాయి. అందుకే వేగంగా వాయించే కొత్తవాడి వరుస మెట్ల మీద కాలు జారినట్టు ఉంటుంది. ఏ స్వరమూ తప్పు కాదు, అయినా అంతా తప్పుగానే వినిపిస్తుంది.

ఇప్పుడు షడ్జానికీ కైశికి నిషాదానికీ మధ్య కాకలి నిషాదం, అంటే కాస్త పైనుండే నిషాదం, ఒకటి దూర్చండి. ఎనిమిది అయ్యాయి. మళ్లీ దిగండి. దెబ్బల మీద ఏం పడ్డాయి? స, కైశికి ని, ప, గ. ఆ స్కేలుతో వాడే కార్డులో, అంటే కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపులో, ఉన్న నాలుగు స్వరాలూ అవే! మిగిలినవన్నీ మధ్యలో సర్దుకున్నాయి. కాంభోజి రాగంలో కాకలి నిషాదం అన్యస్వరంగా, అంటే రాగానికి బయటి స్వరంగా, ఒక్క క్షణం మెరిసి పోతుంది చూడండి, ఆ మెరుపు రాగం కోసం. ఇక్కడ అదే స్వరం లెక్క కోసం వచ్చింది. నాకైతే మొదటిసారి ఇది అర్థమైన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, పక్క గదిలో వాళ్లకు కూడా పట్టనివ్వలేదు.

దీన్ని బేకర్ కనిపెట్టలేదు. బెబాప్ అనే వేగమైన జాజ్ శైలిని తెచ్చిన చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ చెవితోనే చేసేశారు. ఎలా చేస్తున్నారని అడిగితే మళ్లీ వాయించి చూపించేవాళ్ల కాలం అది. బేకర్ వాళ్ల రికార్డులు విని, విడదీసి, బెబాప్ స్కేల్స్ అని పేరుతో సహా పుస్తకాల్లో పెట్టారు. ఈ రోజు ఏ దేశంలో జాజ్ నేర్చుకునే పిల్లవాడైనా ఆ ఎనిమిది స్వరాల పాఠం దాటకుండా ముందుకు వెళ్లడు.

ఎందుకు బేకరే? నా సిద్ధాంతం ఇదే: ఊదగలిగినవాడు ఊది చూపిస్తాడు. ఊదలేనివాడు మాటల్లో చెప్పాలి. దవడ బాగుంటే ఆయన కూడా వాయించి చూపించి, ఇలా అని చెప్పి, తర్వాతి ఊరికి బస్సు ఎక్కేవారు. దవడ లేదు కనుక ప్రతి మెట్టునూ విప్పి బోర్డు మీద రాయాల్సి వచ్చింది. ఆ బోర్డే జాజ్ చదువు. రెండోసారి అంటున్నాను: ఆ దవడ సరిగ్గా ఉంటే ఈ చదువు లేదు.

ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం కట్టేశానంటారు. సరే, దెబ్బ తిన్నవాళ్లే, తలుపు మూసుకుపోయినవాళ్లే బడి కట్టారనడానికి ఇంకొందరిని పిలుస్తాను. టెక్సస్‌లో జీన్ హాల్. సాక్సొఫోన్ వాద్యకారుడు. 1947లో నార్త్ టెక్సస్ కళాశాలలో జాజ్‌కు డిగ్రీ పెట్టారు. దాని పేరులో జాజ్ లేదు! డాన్స్ బ్యాండ్ అని పెట్టారు. జాజ్ అంటే అప్పట్లో మర్యాదస్తుల నోట రాని మాట. మూసిన తలుపుకు వేరే పేరుతో తాళంచెవి చేయించారన్నమాట. న్యూ ఆర్లీన్స్‌లో ఎలిస్ మార్సాలిస్. ఆధునిక జాజ్ వాయించే పియానిస్టు, సంప్రదాయ జాజ్ కోసం యాత్రికులు వచ్చే ఊళ్లో. ఎంత గిరాకీ ఉంటుందో ఊహించుకోండి. బడిలో పాఠాలు చెప్పారు. టెరెన్స్ బ్లాంచర్డ్, హ్యారీ కానిక్ జూనియర్, సొంత కొడుకులు, అందరూ ఆ పాఠాల్లోంచే. 2020లో కోవిడ్ ఆయన్ని తీసుకుపోయింది.

బిల్లీ టేలర్ సంగతి వేరు. ఆయనకు దెబ్బ ఏదీ తగలలేదు. బర్డ్‌లాండ్ క్లబ్బులో ఆస్థాన పియానిస్టు. మరి నా సిద్ధాంతం ఏమైంది? వినండి, దెబ్బ ఆయనకు కాదు, శ్రోతలకు తగిలింది. 1960లలో న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెంలో పిల్లలకు జాజ్ వినే చోటే కరువైంది. క్లబ్బుకు పిల్లలు రాలేరు కనుక వేదికనే బండి మీద ఎక్కించి వీధుల్లోకి తెచ్చారు. జాజ్‌మొబైల్ సంస్థ అలా పుట్టింది. మన ఊళ్లో ఉత్సవాలకు ట్రాక్టరు మీద పాటకచేరీ వస్తుంది కదా, అలా. ఎండలో, రోడ్డు మీద, ఉచితంగా. ఇది చూసి కూడా వేదిక దొరకనివాడు అనగలరా?

ఇప్పుడు మీరందరూ ఒకే పేరు అరుస్తున్నారని తెలుసు. ట్రంపెట్ వాద్యకారుడు వింటన్ మార్సాలిస్! ఇరవై రెండేళ్లకు ఒకే ఏడాది జాజ్‌లోనూ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోనూ గ్రామీ అవార్డులు. 1987లో న్యూయార్క్ కళాకేంద్రం లింకన్ సెంటర్‌లో జాజ్ కార్యక్రమాల ఆరంభంలో భాగస్వామి. 1997లో జాజ్‌కు మొట్టమొదటి పులిట్జర్ బహుమతి. దెబ్బ లేదు, తలుపు మూసుకోలేదు, అయినా దేశంలోనే పెద్ద జాజ్ సంస్థకు అధినేత. నా సిద్ధాంతానికి గండి. ఒప్పుకుంటాను, అర నిమిషం. 1986లో వాంకూవర్‌లో ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ కచేరీ మధ్యలో వింటన్ పిలవని పేరంటంగా వేదిక ఎక్కితే, మైల్స్ దిగిపొమ్మన్న సంగతి తెలుసు కదా? వింటన్ ఎవరి కొడుకు? ఎలిస్ కొడుకు. దెబ్బ తండ్రికి తగిలింది, కుర్చీ కొడుకుకు దక్కింది. గండి పూడింది. ముందుకు వెళ్దాం.

అసలు కడుపుమంట ఇక్కడుంది. 1968లో పుట్టిన జాతీయ జాజ్ అధ్యాపకుల సంఘం. 1989లో పేరులో అంతర్జాతీయం చేర్చుకుంది. ఆఫీసు మాన్‌హాటన్‌లో. న్యూయార్క్ అనుకున్నారా? కాదు, గోధుమ పొలాల కాన్సాస్‌లోని మాన్‌హాటన్! బేకర్ కూడా 2000 తర్వాత తొలి ఏళ్లలో ఈ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. ఏటా జనవరిలో వేల మందితో మహాసభ. వాద్యాల కంపెనీల దుకాణాలు, పెద్ద హోటళ్లు, మెడలో కార్డులు. పెళ్లి కన్నా పందిరి పెద్దదైంది. పెద్ద ఎత్తున విరాళాల ఉద్యమం మొదలుపెడితే అది ఎదురు ఖర్చుగా మారింది. 2008 జనవరిలో టొరంటో సభకు జనం తగ్గారు. చివరికి సభ్యులను ఒక్కొక్కరు 25 డాలర్లు ఇవ్వమని వేడుకున్నారు. ఇచ్చినవాళ్లు 250 మంది కూడా లేరు. వచ్చింది 12 వేల డాలర్ల పైచిలుకు. ఏప్రిల్‌లో దివాలా.

నలభై ఏళ్ల సంఘం. ఒక మంచి పియానో ధర కూడా రాలేదు. నన్ను అడిగితే అప్పు చంపలేదు. దెబ్బ తిన్నవాళ్లు కట్టిన బడిని, వేడుక చేసుకునేవాళ్లు సంతగా మార్చేశారు. సంత కోసం 25 డాలర్లు ఎవరిస్తారు? ఇది నా లెక్క. లెక్కల పుస్తకాలు చూపిస్తానంటే చూపించండి, అయినా మారను.

అదే ఏడాది మేరీ జో పాపిచ్ అనే అధ్యాపకురాలు, లూ ఫిషర్ అనే బేస్ వాద్యకారుడు కలిసి జాజ్ ఎడ్యుకేషన్ నెట్‌వర్క్ మొదలుపెట్టారు. బూడిద ఆరకముందే. చూశారా, మళ్లీ దెబ్బ తగిలాకే! మూడోసారి అననక్కర్లేదు కదా? అయినా అంటాను: దవడ.

ఇక ఆ సామెత వేసిన పెద్దమనిషికి ఒక పని చెప్తాను. జార్జ్ రసెల్ 1961 ఆల్బం 'ఎజ్-థెటిక్స్' తీయండి. అందులో 'హానెస్టీ' అనే రచన ఉంది. రాసింది బేకర్. ట్రాంబోన్ ఊదింది బేకర్. అప్పటికి ప్రమాదం జరిగి ఎనిమిదేళ్లు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆ ట్రాంబోన్ ఒక్కదాన్నే పట్టుకుని చివరిదాకా వినండి. నాలుగోసారి ఆ దవడ మాట మీరే అంటారు. అనకపోతే వచ్చి నాతో పోట్లాడండి, ఎక్కడికీ పోను.