సంత పోయిన ఊరు

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ ఒక సంత గురించి చెబుతాను. కూరగాయల సంత కాదు, పశువుల సంత కాదు. వెనిస్ వర్తకులూ జర్మన్ వర్తకులూ ఎదురెదురుగా నిలబడి పట్టూ మిరియాలూ బేరమాడిన సంత. అది ఒక ఊరికి అనుకోకుండా వచ్చింది. 192 ఏళ్లు ఉంది. తర్వాత లేచి వెళ్లిపోయింది. సంత పోయాక ఆ ఊరు ఎలా బతికిందన్నదే అసలు కథ.

ఊరి పేరు మిట్టెన్‌వాల్డ్. జర్మనీలో బవేరియా రాష్ట్రానికి దక్షిణపు కొసన, ఆస్ట్రియా సరిహద్దు పక్కనే ఉంటుంది. మ్యూనిక్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. జనాభా 7 వేల పైచిలుకు. ఊరే 900 మీటర్ల ఎత్తు దాటి ఉంటే, దాని నెత్తిమీద కార్వెండెల్ కొండ నిటారుగా లేచి 2,385 మీటర్ల దాకా పోతుంది. ఈజార్ నది ఊరి పక్కగా పారుతుంది. బవేరియాలో పల్లె కంటే పెద్దవి, పట్టణం కంటే చిన్నవి అయిన ఊళ్లకు ఒక హోదా ఉంది. సంత జరుపుకునే హక్కు ఉన్న ఊరన్న మాట. ఇప్పుడు సంత జరిగినా జరగకపోయినా ఆ హోదా మాత్రం ఊరి పేరు పక్కన అలాగే ఉంటుంది. మిట్టెన్‌వాల్డ్ అలాంటి సంత ఊరు.

సరే, 1487కు వెళదాం.

అప్పట్లో ఇటలీ వైపు నుంచి వచ్చే సరుకు బోట్సెన్ సంతలో చేతులు మారేది. ఇప్పుడా ఊరు ఇటలీలో ఉంది, బోల్జానో అంటారు. ఆ రోజుల్లో మాత్రం టిరోల్ అనే కొండ ప్రాంతాన్ని ఏలే ఆర్చ్‌డ్యూక్ సిగిస్మండ్ కింద ఉండేది. ఆయనకూ వెనిస్ రాజ్యానికీ పడలేదు. పడకపోతే సైన్యంతో తేల్చుకోవాలి. ఈయన సంతకొచ్చిన వెనిస్ వర్తకులను పట్టి బంధించాడు. వాళ్ల సరుకూ లాగేసుకున్నాడు. వ్యాపారి లాభం తగ్గితే ఓర్చుకుంటాడు గానీ, ప్రాణానికీ మూటకూ భరోసా లేని చోట కొట్టు తెరవడు కదా. వెనిస్ వాళ్లు బోట్సెన్‌కు ఒక దండం పెట్టి, సంతను కొండల అవతలికి, మిట్టెన్‌వాల్డ్‌కు మార్చేసుకున్నారు.

మిట్టెన్‌వాల్డే ఎందుకు? వెనిస్ నుంచి జర్మన్ నగరం ఆగ్స్‌బర్గ్‌కు వెళ్లే దారి మీద ఉంది, అది ఒకటి. రెండోది నాకు తోచినంతలో చెబుతాను. అప్పుడా ఊరు సిగిస్మండ్‌దీ కాదు, బవేరియా ప్రభువుదీ కాదు. ఫ్రైజింగ్ బిషప్ ఏలుబడిలో ఉండేది. 1800 దాటాకే అది బవేరియాలో కలిసింది. ఇద్దరు పెద్దల కొట్లాటలో చిక్కుకున్న వాడికి మూడో మనిషి అరుగు మీద కూర్చోవడమే క్షేమం.

సంత వచ్చింది. ఊరి రాత మారింది.

దక్షిణం నుంచి పట్టు, నూలు, అత్తిపండ్లు, నిమ్మజాతి పండ్లు, మసాలా దినుసులు. ఉత్తరం నుంచి గుడ్డలు, బొచ్చు తోళ్లు. ఆ మసాలాల్లో మిరియాలు ఉన్నాయంటే వాటిలో మన మలబారు తీరం పంటా ఉందన్న మాటే. అప్పట్లో ఐరోపాకు మిరియాలు చేర్చే పెద్ద వర్తకులు వెనిస్ వాళ్లే.

అయితే ఊరివాళ్లలో అందరూ వర్తకులు కారు. వాళ్లు తినింది బండి కూలి. అందులో ఒక కట్టుబాటు ఉండేది. బయటి బండి ఊరిని దాటుకుని నేరుగా వెళ్లిపోవడానికి వీల్లేదు. సరుకు దించాలి, ఊరి గిడ్డంగిలో పెట్టాలి, అక్కణ్నుంచి తర్వాతి మజిలీ దాకా ఊరివాళ్ల బండి మీదే వెళ్లాలి. ఎవరి వంతు వస్తే వాళ్లదే బేరం. మన ఆటో స్టాండులో సీరియల్ తప్పించి ఒకడు ప్యాసింజర్ను ఎక్కించుకుంటే ఎంత గొడవవుతుందో ఊహించుకోండి, అంత పట్టింపు. నీళ్ల మీద వెళ్లేదైతే దుంగలు కట్టిన తెప్పలెక్కించి ఈజార్ మీదుగా మ్యూనిక్ వైపు వదిలేవారు. గిడ్డంగి అద్దె, బండి కూలి, తెప్ప కూలి, సత్రం కూలి. దారి మీద ఉండటమే ఆ ఊరికి పంట.

ఇలా 192 ఏళ్లు.

1679లో సంత తిరిగి బోట్సెన్‌కు వెళ్లిపోయింది. సంత పోయింది. బండ్లకు బేరం తగ్గింది. దారిని నమ్ముకున్న ఊరికి దారి తప్పుకుంటే ఏం మిగులుతుంది? ఇక్కడ మిగిలింది అడవి. కొండ వాలున ఉండే స్ప్రూస్ చెట్లు. ఆ ఎత్తులో చలికి చెట్టు చాలా నిదానంగా ఎదుగుతుంది, ఏడాదికో సన్నని గీత చొప్పున. గీతలు ఎంత దగ్గరగా, ఎంత సమంగా ఉంటే వయొలిన్ పైపలకకు ఆ కొయ్య అంత మంచిది. దాన్ని రంపంతో కోయరు, నిలువునా చీలుస్తారు. నార తెగకుండా ఉండాలి. తర్వాత ఏళ్ల తరబడి ఆరబెడతారు. పలకను వేళ్ల మధ్య పట్టుకుని తట్టి చెవి దగ్గర పెట్టుకుంటారు. వాళ్లు వినేది కొయ్య మోతను. ఆ పలకను అటూ ఇటుగా 3 మిల్లీమీటర్ల మందం దాకా చెక్కుతారు. అంత పల్చటి చెక్క నాలుగు తీగల బిగింపును మోయాలి, హాలు చివరి వరుస దాకా పలకాలి.

ఈ పనిని ఊరికి తెచ్చినవాడిగా చెప్పే పేరు మథియాస్ క్లోట్స్. 1653లో పుట్టాడు. అంటే సంత లేచిపోయేనాటికి 26 ఏళ్ల కుర్రాడు. కుర్రతనంలోనే ఇటలీలో వయొలిన్ల తయారీకి పేరుమోసిన క్రెమోనా ఊరికి వెళ్లి మహామహుల దగ్గర నేర్చుకున్నాడని ఒక ముచ్చట ఉంది. వినడానికి బాగుంటుంది. కాగితం మీద దొరికేది వేరు. ఇటలీలోనే పాదువా ఊళ్లో రైలిక్ అనే వీణాకారుడి దగ్గర 1672 నుంచి 1678 దాకా పనిచేశాడు. వీణాకారుడంటే మన వీణ కాదు లెండి, అక్కడి ల్యూట్ వాద్యం. యజమాని ఇచ్చిన సర్టిఫికెట్టూ ఉంది. నాకైతే ముచ్చట కంటే ఈ సర్టిఫికెట్టే ఇష్టం. మహామహులు లేరు, ఆరేళ్ల కూలి పని ఉంది. 1684 నాటికల్లా ఆయన సొంతూళ్లో వాద్యాలు చేస్తున్నాడు. 90 ఏళ్లు బతికాడు. కొడుకులూ మనవలూ అదే పని. మోజార్ట్ సాల్జ్‌బర్గ్‌లో వాయించిన కచేరీ వయొలిన్ ఈ క్లోట్స్ కుటుంబంలోని ఒకరు చేసిందే.

చర్చి ముందు క్లోట్స్ విగ్రహం ఉంది. 1890లో పెట్టారు. బల్ల దగ్గర పని చేస్తున్నట్టే మలిచారు. కానీ విగ్రహం ఒక్కడిదే. ఊరిని నిలబెట్టిన చేతులు ఇంకా చాలా ఉన్నాయి. వయొలిన్లు తయారైతే సరిపోదు కదా, అమ్మాలి. పాత రోజుల్లో వీపుకు కట్టుకున్న చట్రం నిండా వయొలిన్లు వేలాడదీసుకుని, ఊరివాళ్లే మఠాలకూ తిరునాళ్లకూ నడిచి వెళ్లి అమ్ముకొచ్చేవారు. తర్వాత పెద్ద వర్తకులు పుట్టుకొచ్చారు. కొయ్య వాళ్లే ఇస్తారు, తయారైంది వాళ్లే కొంటారు, ధర కూడా వాళ్లే చెబుతారు. ఒక ఇంట్లో మెడలు చెక్కుతారు, ఇంకో ఇంట్లో వీపు పలకలు, మరో ఇంట్లో వార్నిష్. ఒక వయొలిన్‌లో 70కి పైగా ముక్కలుంటాయి. చాలా ఇళ్లలో ఆడవాళ్లూ ఆ పని చేశారు. పాత ఫొటోలు చూస్తే ఇళ్ల ముందు తీగలు కట్టి, బట్టలారేసినట్టు వరసగా వయొలిన్లు ఆరేసి ఉంటాయి. అందమైన ఫొటోలే, కాదనను. ఆరేసిన చేతికి ఎంత గిట్టిందన్నది ఫొటోలో కనపడదు. చేనేత ఇళ్ల సంగతి తెలిసిన మన శ్రోతలకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

1858లో బవేరియా రాజు రెండో మాక్సిమిలియన్ కాలంలో అక్కడ వయొలిన్ తయారీ బడి పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. పరాయి దేశాల నుంచి కూడా పిల్లలొచ్చి చేరతారు. ఊళ్లో ఒక మ్యూజియం కూడా ఉంది.

ఊరి సందడి గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను, టైము చూసుకోవాలి. ఈస్టర్ ముందు ఉపవాసాలు ఇంకా మొదలవకముందే, వాటికి ముందొచ్చే గురువారం నాడు, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి, కొయ్య ముసుగులు తొడుక్కున్న మగవాళ్లు నడుముకు పెద్ద పెద్ద ఆవు గంటలు కట్టుకుని వీధుల్లోకి వస్తారు. ఒకే అడుగు, ఒకే ఎగురు, ఒకే మోత. చలికాలాన్ని తరిమేస్తున్నామంటారు. ముసుగు వెనక ఉన్నదెవరో ఎదుటివాడికి తెలియకూడదు, ఆటంతా అదే. ఇక సంత విషయానికొస్తే, వచ్చి 500 ఏళ్లయిన సందర్భంగా 1987లో ఆ బోట్సెన్ సంతను పండగలా జరిపారు. అప్పట్నుంచి అయిదేళ్లకోసారి పాత వేషాలు వేసుకుని, బళ్లు కట్టుకుని మళ్లీ జరుపుకుంటున్నారు. సంత పోయింది గానీ సంతోషం పోనివ్వలేదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. వయొలిన్ ఇవాళ మన కచేరీలో లేకుండా గడవదు. బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దానితో పాడించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలా సంగీతం ఉన్న ఇళ్లలో తాతలనాటి ఫిడేలు ఒకటి అటక మీద ఉండటం మామూలే. అలాంటిది మీ ఇంట్లో ఉంటే ఈ నాలుగు ముక్కలు మీకే.

దించి, పైపలక మీది వంపు రంధ్రంలోంచి టార్చి కొట్టి చూడండి. లోపల ఒక చీటీ కనపడుతుంది. దాని మీద క్రెమోనా మహామహుల్లో ఒకడైన స్ట్రాడివేరియస్ పేరు ఉంటే ఎగిరి గంతేయకండి. జర్మన్ పనిశాలలు, మిట్టెన్‌వాల్డ్ కంటే ఎక్కువగా సాక్సనీ వైపువి, ఆ పేరున్న చీటీలు అతికించి లక్షల వాద్యాలు ప్రపంచమంతా అమ్మాయి. నమూనా ఫలానావాడిది అని చెప్పడం వాళ్ల ఉద్దేశం, కొన్నవాడు వేరేగా అర్థం చేసుకుంటే వాళ్లకేం నష్టం లేదు. పక్కనే మేడిన్ జర్మనీ అని ఉంటే అది 1887 తర్వాతి సరుకని దాదాపు నిశ్చయించుకోవచ్చు. బయటి దేశం సరుకు మీద దేశం పేరు వేయాలని బ్రిటన్ చట్టం చేసింది ఆ ఏడాదే. చీటీ అబద్ధమైనంత మాత్రాన వాద్యం పనికిరానిదని కాదు. బాగు చేయిస్తే చక్కగా పలికేవి ఎన్నో ఉన్నాయి.

కానీ ఒక్క పని చేయకండి. పలక అంచు ఊడి ఉంటే బజారులో దొరికే తెల్ల జిగురు పూయకండి. మళ్లీ చెబుతున్నాను, తెల్ల జిగురు పూయకండి. మిట్టెన్‌వాల్డ్‌లో వాడేది తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు, మన పాత వడ్రంగులు వజ్రం అనేవారు, అదే. వేడి, తేమ తగిలితే అది వదులుతుంది. వదలాలనే వాడతారు. మన విశాఖ తేమకు కొయ్య ఉబ్బుతుంది, అనంతపురం ఎండకు కుంచించుకుపోతుంది. అప్పుడు అతుకు ఊడితే పలక బతుకుతుంది. అతుకు ఊడకపోతే పలకే పగులుతుంది. ఊడిన అతుకును తెలిసిన చెయ్యి ఒక పూటలో అతికిస్తుంది. పగిలిన పలకకు అంత తేలిక వైద్యం లేదు.

తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒక్కసారే విప్పకండి. ఒకటి విప్పి, కొత్తది ఎక్కించి, బిరడా బిగించాక రెండోదాని జోలికి వెళ్లండి. పైపలక మీద తీగలను మోసే కొయ్య ముక్కను గుర్రం అంటారు, దాని కింద, పెట్టె లోపల, ఒక చిన్న కొయ్యపుల్ల నిలబడి ఉంటుంది. దానికి జిగురుండదు. తీగల బిగువు మీదే నిలబడుతుంది. అన్నీ విప్పితే అది పడిపోతుంది, పెట్టెలో గలగలమంటుంది. పడిపోయిందా, మీరు పుల్లలు పెట్టి కెలకొద్దు, అలాగే తీసుకెళ్లి బాగుచేసేవాళ్లకు ఇవ్వండి. అదయ్యేదాకా తీగలు మాత్రం బిగించకండి.

ఉంటాను, నమస్కారం.