కువైట్‌లో మనకు మనోళ్లే దిక్కా? – కడప స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. కువైట్ నుంచి ఒకమ్మ ఏడ్చుకుంటా పెట్టిన వీడియో అందురూ చూసే ఉంటారు, ఆడుండే మనోళ్లే చందాలేసి టికెట్ తీసి ఇంటికి పంపించినారు, ఇప్పుడు చందా లెక్క చెప్పల్యాని గొడవ. నేనడిగేది ఒకటే, ఆమెను ఆడికి పంపిన ఏజెంటును ఎందుకు పట్టుకోరు?

డ్రైవర్: ఏజెంటు సంగతి తర్వాత సార్, నేను 18 ఏండ్లు ఆడుండి వచ్చినా. శుక్రవారం సెలవొస్తే కువైట్ సిటీలో మాలియా అనే చోట అంతా మనోళ్లే, రాజంపేటోళ్లు ఒక మూల, రాయచోటోళ్లు ఒక మూల, పని పోయినోనికి రూము, ఆకామా, అంటే ఆడుండే పర్మిట్, అయిపోయినోనికి అన్నం, ఎవురన్నా సచ్చిపోతే దినారో రెండు దినార్లో బిస్కెట్ డబ్బాలో ఏసేది, ఆ డబ్బా పట్టుకోని తిరిగింది నేనే.

లెక్చరర్: మంచిదే, కానీ రశీదు...

డ్రైవర్: శవం పెట్టెలో ఉంటే రశీదు అడుగుతావా సార్?

లెక్చరర్: అడగాల్సిందే. పని వీసా మీద పోయేటోళ్లకి సర్కారు ప్రవాసీ భారతీయ బీమా ఉంది, రెండేండ్లకి కట్టేది 275 రూపాయలు, ప్రమాదంలో పోతే 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయి ఆడ పనికి కుదిరినోళ్లకి అది యాడిది?

యాంకర్: అంటే ఏజెంటు తప్పే కదా!

ఇంటిపనికి పోయొచ్చిన అక్క: అన్నా, ఒక మాట. ఆ శుక్రవారం నాకు ల్యా.

డ్రైవర్: ల్యాకపోవడమేందక్కా, 2015లోనే చట్టం చేసినారు, ఇంటిపనోళ్లకి వారానికి ఒకరోజు సెలవని...

అక్క: చట్టం మా సేట్ ఇంట్లోకి రాల్యా. నాలుగేండ్లలో మాలియా ఎట్లుంటాదో చూడల్యా. ఫోను బియ్యం డబ్బాలో దాచిపెట్టుకోని, అందురూ పండుకున్నాక బాత్రూములో మాట్లాడేదాన్ని. పక్కింట్లో పన్జేసే సిద్ధవటం పిల్ల, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు ఐదు నిమిషాలు కనపడేది, ఆ పిల్లే మా ఇంటికి ఫోన్ చేసి...

డ్రైవర్: అదే కదా నేను చెప్పేది! మనోళ్లే ఆదుకున్నారు! 2024 జూన్‌లో కువైట్‌లోనే మంగఫ్‌లో పనోళ్లుండే బిల్డింగు కాలి మన దేశమోళ్లు 40 మందికి పైగా పోయినారే, అప్పుడు కూడా...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడినారు, ఇక్కడ ఏమీ వినపడల్యా.)

లెక్చరర్: చందా వేరు, హక్కు వేరు సార్, కలపొద్దు.

డ్రైవర్: హక్కు కడుపు నింపుతాదా? మళ్లా చెప్తాండా, డబ్బా పట్టుకోని తిరిగింది నేను!

యాంకర్: టైమ్ అయిపోయింది. డ్రైవరన్న చెప్పినట్టు మనోళ్లుంటే భయం ల్యా.

అక్క: శుక్రవారం ల్యానోళ్ల సంగతి?

యాంకర్: అది వచ్చే వారం అక్కా, ఏజెంట్ల టాపిక్‌లో కలిపేస్తాం.