ఇనుముని ఎలుకలు తినవు, బాక్టీరియా కూడా తినదు

అందరికీ నమస్కారం. ఇనుప త్రాసుని ఎలుకలు తినేశాయని బుకాయించిన షావుకారు కథ మీలో చాలామంది చిన్నప్పుడు వినే ఉంటారు. ఆయన ఇప్పుడు పుట్టి ఉంటే ఎలుకల జోలికి పోకుండా బాక్టీరియా తినేసిందని చెప్పేవాడు, మనం సగం నమ్మేవాళ్లం కూడా. నిజానికి అది ఇనుముని నమిలి మింగదు. ఎలాగూ జరిగే తుప్పుని ఇంకా తొందరపెడుతుంది, అదీ మనం ఊహించని చోట.

గాలీ నీరూ తగిలితేనే తుప్పు అని స్కూల్లో చదువుకున్నాం కదా. మరి నెదర్లాండ్స్‌లో గాలి చొరబడని తడి మట్టిలో పాతిన పోత ఇనుము పైపులు ఎందుకు పాడయ్యాయి? పైకి పైపు పైపులాగే ఉండేది, చాకు పెడితే మాత్రం పెన్సిల్ ములుకులా మెత్తగా తెగేది. ఇనుమంతా కరిగిపోయి, అందులో ఉన్న గ్రాఫైట్ ఒక్కటే ఆ ఆకారాన్ని పట్టుకుని నిలబడిందన్నమాట. 1934లో ఫాన్ వోల్జోఖెన్ క్యూర్, ఫాన్ డెర్ ఫ్లుఖ్త్ అనే ఇద్దరు డచ్చివాళ్లు దీన్ని సల్ఫేట్‌ని సల్ఫైడ్‌గా మార్చే బాక్టీరియా పనిగా తేల్చారు. మనం ఆక్సిజన్ పీల్చినట్టు అది సల్ఫేట్‌తో శ్వాస నడుపుకుంటుంది. ఇనుము కరిగేటప్పుడు వదిలే ఎలక్ట్రాన్లతో ఉపరితలం మీద హైడ్రోజన్ పుడుతుంది, బాక్టీరియా దాన్ని వాడేసుకుంటూ ఉండటంతో తుప్పు ఆగకుండా సాగుతుంది అన్నారు.

అది సగం కథే. ఆ బాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్, అదే కుళ్లిన కోడిగుడ్డు వాసన, ఇనుముతో కలిసి నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. ఆ నల్ల మడ్డి కూడా పక్కనున్న ఇనుముని ఇంకా కరిగిస్తుంది. పైగా 2004లో జర్మనీలోని బ్రెమెన్ పరిశోధకులు, వీటిలో కొన్ని హైడ్రోజన్ అనే దళారీ లేకుండా నేరుగా ఇనుము నుంచే ఎలక్ట్రాన్లు లాక్కుంటున్నట్టున్నాయని చూపించారు. నాకైతే ఈ మొత్తంలో అన్నిటికన్నా ఆశ్చర్యమనిపించింది ఇదే.

ఇక స్టెయిన్‌లెస్ స్టీల్ సంగతి. ఒక ఫ్యాక్టరీలో, పేరు వద్దులెండి, కొత్త ట్యాంకుకి బోరు నీళ్లతోనే హైడ్రోటెస్ట్, అంటే నీళ్లు నింపి లీకు చూసే పరీక్ష, చేశాం, లీకు లేదని సంతకాలు కూడా పెట్టాం, నీళ్లు మాత్రం వదల్లేదు, ఎవరో ఒకరు వదుల్తారులే అనుకుని వర్షాకాలమంతా అలాగే ఉంచేశాం. తర్వాత చూస్తే వెల్డింగ్ పక్కన గుండుసూది మొన అంత చుక్క, దాని కింద కోస్తే లోపల పెద్ద గుహ. అందరూ వెల్డర్ మీద పడ్డారు, నాతో సహా.

మరి ఏమైందంటే, బోరు నీళ్లలో ఇనుముని ఆక్సీకరించే బాక్టీరియా ఉంటుంది. ఫ్లష్ ట్యాంకు గోడకి పట్టే ఎర్రటి జారుడు బంక చూశారుగా, చాలాసార్లు అదే. ఆ బంక వెల్డు గరుకుదనం మీద గడ్డకడితే దాని కింద ఆక్సిజన్ అయిపోతుంది, చుట్టూ మాత్రం ఉంటుంది. ఈ తేడా చాలు, కింది భాగం చిన్న బ్యాటరీలో కరిగే కొసలా మారిపోతుంది. నీళ్లలోని ఉప్పులో ఉండే క్లోరైడ్ అక్కడికే చేరుతుంది, స్టీల్‌ని కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర చిరుగుతుంది. పొర చిరిగాక స్టెయిన్‌లెస్ అన్న పేరు తప్ప ఏమీ మిగలదు.

పెద్ద దెబ్బ చూడాలంటే కాలిఫోర్నియాలోని ఆలిసో కాన్యన్. 2015 అక్టోబరులో భూగర్భ గ్యాస్ నిల్వకి వాడే పాత బావి కేసింగ్, అంటే బావిలోకి దింపిన ఉక్కు గొట్టం, పగిలి, దాదాపు నాలుగు నెలలు మీథేన్ వెళ్లగక్కింది, మొత్తం లక్ష టన్నుల దగ్గర. వేల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. 2019లో వచ్చిన విచారణ నివేదిక, కేసింగ్‌కి బయటివైపు భూగర్భజలం తగిలిన చోట సూక్ష్మజీవుల వల్ల పట్టిన తుప్పే కారణమంది.

క్లోరిన్ పోస్తే సరిపోదా అని ఇందాక ఒకరు అడిగారు. నీళ్లలో తేలేవి చస్తాయి, బంక అడుగునున్నవి చాలావరకు బతికే ఉంటాయి. ముందు గీకాలి, ఆ తర్వాతే మందు. పైపు లోపల నల్ల మడ్డి కనిపిస్తే వెంటనే కడిగెయ్యకండి, సాక్ష్యం కొట్టుకుపోతుంది. కొంచెం సీసాలోకి తీసి, గాలి బాగా ఆడే చోట ఒక చుక్క పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వెయ్యండి, ముక్కు దగ్గర పెట్టుకోకండి, ఆ గ్యాస్ విషం. కోడిగుడ్డు కంపు వస్తే సల్ఫైడ్ ఉన్నట్టే. బాక్టీరియాయే చేసిందని అంతమాత్రాన తేలిపోదు, ల్యాబ్‌కి పంపాలి. ఫలితం వచ్చేదాకా వెల్డర్‌ని ఏమీ అనకండి.