కయాక్‌లో ఉన్న మనిషి మొహం ఫొటోలో నల్లబడకుండా

[రంభ జెట్టీ, పొద్దున్న. తెరమీద పాత ఫొటో]

నమస్తే అండీ. మాది బరంపురం. ఇది గంజాం జిల్లా రంభ, చిలికా సరస్సు దక్షిణపు కొస. పోయిన సంక్రాంతికి ఇక్కడే కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, ఉన్న మా బావకి 70 ఫొటోలు తీశాను. నీళ్లు మెరుస్తున్నాయి, లైఫ్ జాకెట్ మెరుస్తోంది, మొహం మాత్రం బొగ్గులా ఉంది. "అబ్బాయి మొహం కనబడదేంట్రా?" అని అత్తయ్య అడిగిన మాట ఇంకా మనసులో ఉంది.

ఇక్కడ సరస్సు తూర్పున, కొండలు పడమట. పొద్దున్న జెట్టీ మీంచి తీస్తే ఎండ మనకి ఎదురుగా, మనిషికి వెనక పడుతుంది. పైగా మెరిసే నీళ్లని చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది. అందుకే మనమూ ఇంకో పడవలో లోపలికి వెళ్లి, ఒడ్డు వైపు తిరుగుదాం. ఫోన్ అయితే తెరమీద మొహం కనిపించే చోట వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు అక్కడే లాక్ అవుతాయి.

[దగ్గరి షాట్: తెడ్డు, చేతులు]

ఇది నెమ్మదిగా చూడండి. తెడ్డు అవతలి వైపు మునిగినప్పుడు ఇవతలి చెయ్యి పైకి లేచి దవడకి అడ్డం వస్తుంది. ఇవతల మునిగినప్పుడు అదే చెయ్యి కిందికి దిగి, మొహం మొత్తం కనిపిస్తుంది. నొక్కాల్సింది అప్పుడే. షట్టర్ వేగం 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు, పెడితే తెడ్డు నుంచి జారే చుక్కలు గింజల్లా విడివిడిగా నిలబడతాయి.

[పడవ అడుగున కూర్చుని]

కెమెరా అతని ఛాతీ ఎత్తుకి దించండి. కళ్ల ఎత్తులో పట్టుకుంటే వెనకున్న ఒడ్డు గీత చెవుల దగ్గర మొహాన్ని కోస్తుంది. దించితే ఆ గీత జాకెట్ మీదికి దిగి, తల వెనక కొండల ముదురు రంగు వస్తుంది. టోపీ కింద కళ్లు కూడా కనిపిస్తాయి. నాకైతే ఈ ఒక్క మార్పే అన్నిటికన్నా పెద్దది.

లెన్స్ ముందు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ నీటి మెరుపు తగ్గిస్తుంది గానీ వెలుతురూ తినేస్తుంది. మొహానికి అది తప్పనిసరి కాదు. లెన్స్ మీద చుక్క పడితే పొడిగా రుద్దకండి, ఇక్కడి నీళ్లలో ఉప్పుంది. మంచినీళ్లతో తడిపిన మెత్తని గుడ్డతో అద్దండి.

ఇక ఎండకి కళ్లు చికిలించడం ఒక్కటే మిగిలింది. బావా, కళ్లు మూసుకుని తెడ్డెయ్యి. మూడు అనగానే తెరిచి సరస్సులో ఉన్న ఆ చిన్న దీవి, బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ వైపు చూడు. ఒకటి... రెండు... మూడు.

[షట్టర్ చప్పుడు. తెరమీద కొత్త ఫొటో]